పన్నెండు దెబ్బల ఊపిరి

అందరూ ఆవిడని ఆర్కెస్ట్రాగారు అనేవాళ్ళు. మొదట ట్రంపెట్ మాస్టారు వేళాకోళానికి అన్నాడు, అది కాస్తా అతుక్కుపోయింది. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. కాన్సెర్టో అంటే ఒక వాద్యం ముందు నిలబడి మాట్లాడుతుంటే, వెనక ముప్పై నలభై మంది దానికి ఊ కొట్టడం, బదులు చెప్పడం, ఒక్కోసారి గద్దించడం. సంగీత పాఠశాలలో ఒక్క పిల్ల పరీక్ష కోసం అంతమందిని ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని ఆ వెనకాల వాళ్ళందరి పనీ పియానో మీద ఒక్క మనిషి చేస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ ఒక్క మనిషీ ఆవిడే. ముప్పై మంది చాకిరీ పది వేళ్ళతో చేస్తే చప్పట్లన్నీ ముందు నిలబడ్డవాళ్ళకి పోతాయి. ఆవిడకి ఆ బాధ లేదు. నాకు ఉంది గానీ, నన్నడిగేదెవరు.

ఆవిడ పనితనం ఏమిటో ముందే చెప్పాలి. లేకపోతే ఆ తర్వాత జరిగింది అర్థం కాదు. తోడు వాయించేవాళ్ళు చాలామంది పక్కన టిక్కుటిక్కుమనే పెట్టె ఒకటి పెట్టుకుని, నిమిషానికి ఇన్ని దెబ్బలు అని లెక్క కట్టుకుని మొదలుపెడతారు. ఈవిడ ఆ పెట్టెని ముట్టుకునేది కాదు. ముఖ్యంగా ఊదే వాద్యాల వాళ్ళకి వాయించేటప్పుడు, ఎదుటి మనిషి ఊపిరి చూసేది. భుజం ఎంత లేస్తోంది, పక్కటెముకలు ఎంత విచ్చుకుంటున్నాయి, ఇవాళ గాలి నిండుగా ఉందా, బెదురుతో సగానికే ఆగిపోతోందా అని చూసి, ఆ మనిషితోపాటు తనూ ఒక్కసారి ఊపిరి పీల్చి, అది వదిలే వేగంలో వేళ్ళు దించేది. దాంతో ఊదేవాళ్ళకి వేగం ఎవరో ఇచ్చినట్టుండేది కాదు, తమ ఒంట్లోంచే వచ్చినట్టుండేది. "ఆవిడ పక్కనుంటే నీకు జలుబు రేపు చేస్తుందని ఇవాళే తెలిసిపోతుంది" అనేవాడు ట్రంపెట్ మాస్టారు.

ఈ విద్య ఆవిడకి పాఠశాలలో అబ్బలేదు. ఇంట్లో అబ్బింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఉన్నా లేనట్టే. అక్క పదహారో ఏట పరుపుల కార్ఖానాలో దూది ఏకే యంత్రం దగ్గర చేరింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టునిండా, కనుబొమలనిండా దూదిపోగులే. "ముసలమ్మొచ్చింది, ముసలమ్మొచ్చింది" అని చెల్లెలు గంతులేసేది. అక్క నవ్వబోయి దగ్గేది. ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు. అక్క ఊపిరి సాఫీగా పడే వరకూ చెల్లెలికి కునుకు పట్టేది కాదు. అలా చీకట్లో ఇంకో మనిషి ఊపిరి వింటూ, దానికి తన ఊపిరి జత చేసుకుంటూ పెరిగిన పిల్ల అది.

ఆ కార్ఖానా కష్టంతోనే అక్క ఈవిడకి పియానో చెప్పించింది. చెల్లెలు వేదిక మీద ముందు కూర్చోవాలనీ, వెనక నలభై మంది తలలు వంచుకుని వాయించాలనీ అక్కకి కొండంత ఆశ. ఈవిడకి ఇరవయ్యేళ్ళప్పుడు పెద్ద మేష్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, "నీకు ముందుండే గుణం లేదమ్మా. వినే గుణం ఉంది. తోడు వాయించుకో, బతికిపోతావు." ఈవిడకి ఆ మాట ఎంతో హాయిగా అనిపించింది. అక్క మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోయింది. "ఇంత దూది మింగింది నువ్వు పక్కన కూర్చోడానికటే" అని గోడవైపు తిరిగి ఏడ్చింది. తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. పెళ్ళి సంగతీ ఎత్తలేదు, తనదీ, చెల్లెలిదీ. తాళాలు బాగుచేసే దుకాణం మీద రెండు గదుల్లో ఇద్దరికీ తలలు నెరిసిపోయాయి.

ఇక టికెట్టమ్మాయి. బస్టాండులో మూడో నంబరు కిటికీ దగ్గర టికెట్లిచ్చే ఉద్యోగం, అందుకని పాఠశాలలో ఆ పేరు. ముప్పై మూడేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఫ్లూటు ఊదుతుంది. ఏదో ఊదుతుందిలే అనుకునేరు, అలా కాదు. ఆ ఊళ్ళో అంత నిండైన ధ్వని ఇంకొకరికి లేదు. ఆరేళ్ళుగా గురువారాలు, ఆదివారాలు డ్యూటీ దిగి తిన్నగా ఈవిడ దగ్గరికి వచ్చేది. ఈవిణ్ణి పిన్నీ అని పిలిచేది. ఇంట్లో అత్తగారు "ఆ గొట్టం ఊదడం ఎప్పుడు మానతావే తల్లీ" అని రోజూ అడుగుతుందని నవ్వుతూ చెప్పేది. చెప్పి చెప్పి ఒకరోజు నవ్వడం మానేసింది.

నగర వాద్యబృందంలో ఫ్లూటు కుర్చీలు రెండే. అందులో ఒకటి పదకొండేళ్ళకి ఖాళీ అయింది. రెండో కుర్చీలో ఉన్నాయనకి ఇంకా నలభై నిండలేదు, రాయిలా ఉంటాడు. కాబట్టి ఇప్పుడు తప్పితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. "ఈసారి రాకపోతే ఫ్లూటు అటక మీద పెట్టేస్తానని మా ఆయనకి మాటిచ్చాను పిన్నీ" అంది టికెట్టమ్మాయి. "ఊరికే అన్నావా?" అని అడిగింది ఈవిడ. "ఊరికే కాదు. అలిసిపోయాను" అంది.

పోటీకి పెట్టిన కాన్సెర్టోలో అసలు గండం రెండో భాగం. మొదటి భాగం, మూడో భాగం హుషారుగా పరిగెడతాయి. వేళ్ళు చురుగ్గా ఉంటే గట్టెక్కొచ్చు. రెండోది నెమ్మది. జి మైనర్ అనే దిగులు వరసలో, రాతలో నిలువు గీతల మధ్య ఒక్కో గడికి మూడు దెబ్బల చొప్పున నడుస్తుంది. ముందు ఎనిమిది గడులు పియానో ఒక్కటే. అంటే ఆర్కెస్ట్రా అన్నమాట. ఏడుపు కాదది. ఏడ్చి, మొహం కడుక్కుని, ఇంటికి వచ్చిన చుట్టాలకి మంచినీళ్ళిస్తున్న మనిషి నడక. అప్పుడు ఫ్లూటు లేస్తుంది. రెండు గడులపాటు ఒకటే స్వరం, ఉందా లేదా అన్నంత సన్నగా మొదలై, నిండి, మళ్ళీ సన్నబడుతుంది. ఆ తర్వాత రెండు గడుల్లో ఒక్కో మెట్టూ కిందికి దిగుతుంది. మొత్తం నాలుగు గడులు, పన్నెండు దెబ్బలు, ఒకటే ఊపిరి. మధ్యలో గాలి పీల్చడానికి చోటు లేదు, పీల్చావో మాట మధ్యలో తుంచినట్టే. ఆ భాగం నడిమికి వచ్చాక ఒక పదహారు గడులు కాస్త వెలుగు వస్తుంది, బి ఫ్లాట్ మేజర్‌లోకి. కిటికీ తలుపు తీసినట్టు. తర్వాత మళ్ళీ మూసేస్తారు.

నిమిషానికి అరవై దెబ్బలు, అంతకు తగ్గితే చాలామందికి ఊపిరి చాలదు. ఆరు నెలలు ఇద్దరూ ఆ అరవై దగ్గరే కూర్చున్నారు. యాభై ఎనిమిదికి కూడా టికెట్టమ్మాయి మెడ నరాలు తేలేవి. "అరవై, పిన్నీ. నా ఊపిరి సంగతి మీకు తెలుసుగా" అనేది. తెలుసు. ఆ ఊపిరి ఆవిడకి తెలిసినంతగా ఆ అమ్మాయి మొగుడికి కూడా తెలియదు.

పోటీ ఇంకా పన్నెండు రోజులుందనగా అక్కని ఆసుపత్రిలో చేర్చారు. నలభై ఏళ్ళ దూది. డాక్టరు నల్లటి ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించాడు, ఈవిడ చూడలేదు. ముక్కుకి గొట్టం పెట్టారు. ఆడవాళ్ళ వార్డులో ఇరవై రెండు మంచాలకి ఇద్దరే నర్సులు. "మీరు ఆవిడ ఊపిరి చూస్తూ ఉండండమ్మా. మరీ ఆలస్యమైతే పిలవండి" అని చెప్పి పోయింది పెద్ద నర్సు. ఎవరికి చెప్పాలో చూసి మరీ చెప్పింది మహాతల్లి. జీవితమంతా చేసిన పని అదే కదా. ఈవిడ పదిహేడో నంబరు మంచం పక్కన ఇనప స్టూలు మీద కూర్చుని పదకొండు రోజులు అదే చూసింది. దుప్పటి లేచేది, ఆగేది, దిగేది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేని చోట ఈవిడ కూడా ఊపిరి బిగబట్టేది. మళ్ళీ దుప్పటి లేచాక తనూ పీల్చేది. పాఠాలకి వెళ్ళడం మానలేదు గానీ, వెళ్ళినప్పుడల్లా పావుగంట ముందే లేచి వచ్చేసేది. ఆఖరి గురువారం అసలు వెళ్ళలేదు.

పోటీ రోజు పొద్దున్న ఆసుపత్రి నుంచి తిన్నగా హాలుకి వెళ్ళింది. అక్క పరిస్థితి అలాగే ఉంది. పక్క మంచం ఆవిడ, "నేను చూస్తూ ఉంటాలే, నువ్వు పోయిరా" అంది.

ఆ పోటీకి ఒక పద్ధతి ఉంది. వేదికకి అడ్డంగా నల్లటి తెర కడతారు. తెరకి అటువైపు న్యాయనిర్ణేతలు అయిదుగురు, ఇటువైపు ఊదే మనిషి, పియానో మనిషి. ఎవరు ఊదినా పియానో ఈవిడదే. ఎవరు ఊదుతున్నారో, ఆడో మగో, ఎవరి చుట్టమో అటువాళ్ళకి తెలియకూడదు. చెప్పుల చప్పుడు వినిపించకుండా నేల మీద తివాచీ కూడా పరుస్తారు. తెరకి ఇటువైపు నుంచి గొంతు వినిపించకూడదు. ఒక్క మాట వినిపించినా ఆ నంబరు కొట్టేస్తారు. ఏదైనా అడగాలంటే తెర చివర నిలబడ్డ గుమాస్తాకి సైగ చెయ్యాలి, అదీ మొదలుపెట్టకముందే. మంచి పద్ధతే, కాదనను.

పొద్దున్న తొమ్మిది మంది పియానో లేకుండా ఊదారు. ఏడుగురిని పంపించేశారు. నాలుగో నంబరు, ఏడో నంబరు మిగిలాయి. నాలుగో నంబరు టికెట్టమ్మాయి. గుమాస్తా చీటీ తెచ్చి చూపించాడు. రెండో భాగం, నెమ్మది, పియానోతో. ముందు నాలుగు.

టికెట్టమ్మాయి తివాచీ మీద వచ్చి నిలబడి, ఈవిడ వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. ఫ్లూటు పెదవికి ఆనించింది. ఈవిడ ఎప్పటిలాగే చూసింది. కుడి భుజం, పక్కటెముకలు. తర్వాత ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆ క్షణంలో ఊపిరి పీల్చి, వదులుతూ వేళ్ళు దించింది.

ఎనిమిది గడులూ ఎంతో బాగున్నట్టనిపించాయి ఆవిడకి. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఒళ్ళు తేలికైనట్టనిపించింది. ఫ్లూటు లేచింది. సన్నగా మొదలై నిండింది. ఏడో దెబ్బ, ఎనిమిదో దెబ్బ. తొమ్మిదో దెబ్బ మీద స్వరం శ్రుతి తప్పి కొంచెం కిందికి జారింది. టికెట్టమ్మాయి స్వరం అలా జారదు. ఈవిడ ఉలిక్కిపడి తలెత్తింది. మెడ నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి, మొహం కందిపోయింది. పదో దెబ్బ మీద ఊపిరి తెగింది. మెట్లు దిగుతూ దిగుతూ నడుమ, హాలంతా వినిపించేలా, గుక్కతిప్పుకున్న చప్పుడు.

అప్పుడు తెలిసింది ఆవిడకి, తను ఎక్కడుందో. అరవైలో లేదు. నలభై నాలుగో, నలభై అయిదో. అది టికెట్టమ్మాయి ఊపిరి కాదు, పదిహేడో నంబరు మంచం మీది ఊపిరి. దుప్పటి లేచి, ఆగి, దిగే వేగం. అదే ఒంట్లో పెట్టుకుని వచ్చి, ఈ పిల్ల నెత్తిన పెట్టింది.

నోరు తెరిచింది. తప్పు నాది, ఆపండి, మళ్ళీ మొదలుపెడతాం, అని చెప్పాలి. చెబితే నాలుగో నంబరు కొట్టేస్తారు. నోరు మూసుకుంది. వేగం పెంచబోయింది. ఊపిరి తెగిన మనిషిని వెనక నుంచి తోస్తే ఏమవుతుంది? ఇద్దరికీ నాలుగైదు గడులు కలవలేదు. మధ్యలో వెలుగు వచ్చే చోటికి వచ్చేసరికి మళ్ళీ అరవైలో కుదురుకున్నారు, అక్కణ్ణుంచి చివరి దాకా టికెట్టమ్మాయి ఎంత బాగా ఊదిందంటే, తెర దగ్గరి గుమాస్తా చీటీలు పక్కన పెట్టి విన్నాడు. ఏం లాభం? అయిదుగురూ అప్పటికే రాసుకోవలసింది రాసేసుకుని ఉంటారు.

టికెట్టమ్మాయి తివాచీ మీద నుంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. ఏడో నంబరు వచ్చి నిలబడ్డాడు. ఎవరో కుర్రాడు, మొహం పాలిపోయి ఉంది.

ఆ నిమిషంలో ఆవిడకి వచ్చిన ఆలోచన దాచిపెట్టి లాభం లేదు. ఇతనికి కూడా అదే వేగం ఇస్తే? నలభై నాలుగు. ఇతని ఊపిరీ తెగుతుంది. అప్పుడు ఇద్దరూ ఒకటే అవుతారు, మళ్ళీ పిలవక తప్పదు. ఎవరికీ తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళ పేరు అడ్డం ఉండనే ఉంది. వేళ్ళు మీటల మీద పెట్టి కూర్చుంది. కుర్రాడు ఈవిడ వైపే చూస్తున్నాడు, పూర్తిగా నమ్ముకుని. అతని భుజం లేచింది. ఆవిడ వేళ్ళు ఆవిడ మాట వినలేదు. అతని ఊపిరి ఎంతో అంతలోనే దిగాయి. పన్నెండు దెబ్బలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. గొప్పగా కాదు, శుభ్రంగా వచ్చాయి. కుర్చీ అతనిదైంది.

ఆవిడ తిన్నగా న్యాయనిర్ణేతల పెద్ద దగ్గరికి వెళ్ళింది. వాద్యబృందాన్ని నడిపే పెద్దమనిషే ఆయన. కాఫీ తాగుతున్నాడు.

"నాలుగో నంబరుకి వేగం తప్పిచ్చింది నేనండి" అంది.

ఆయన కప్పు కింద పెట్టాడు. "వేగం ఎవరికి వాళ్ళు ముందే మీకు చెప్పుకుంటారు కదా. ఆ నంబరు అడిగిందే మీరిచ్చారనుకున్నాం."

"ఆ అమ్మాయి అడిగింది అరవై. నేనిచ్చింది నలభై నాలుగు. మతి లేక చేశాను. మా అక్కకి బాగాలేదు."

"అయ్యో. కూర్చోండమ్మా."

"కూర్చోనండి. ఆ అమ్మాయిని మళ్ళీ ఒక్కసారి వినండి."

ఆయన చెడ్డవాడు కాడు. కాసేపు ఆలోచించే చెప్పాడు. "రాసివ్వండి, ఫైల్లో పెడతాను. కానీ ఏడో నంబరుకి చెప్పేశాం, అతని పేరు ప్రకటించేశాం. పోనీ అది వదిలేద్దాం. మీకు తెలియనిది కాదు, పియానో ఎంత నెమ్మదిగా ఇచ్చినా, తను ఎత్తుకునేటప్పుడు తన వేగంలో ఎత్తుకోవచ్చు. వెనకవాళ్ళు చచ్చినట్టు వెంట రావాలి. అది ముందు నిలబడ్డవాళ్ళ హక్కు. ఒక్క పియానోని లాగలేని మనిషి రేపు నలభై మందిని ఎలా లాగుతుంది?"

ఆయనన్నది నిజం. ఎనిమిది గడులు విన్నాక, తెలియక కాదు కదా, టికెట్టమ్మాయి ఎందుకు లాగలేదు? కాగితం మీద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆసుపత్రికి వెళ్ళి ఇనప స్టూలు మీద కూర్చుంది. ఆ రోజంతా, మర్నాడూ అదే ప్రశ్న.

మూడో రోజు మధ్యాహ్నం బస్టాండుకి వెళ్ళింది. మూడో నంబరు కిటికీ ముందు పది పన్నెండు మంది ఉన్నారు. వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి, చెప్పాలని కూడబలుక్కున్నదంతా ఎగిరిపోయింది. అద్దానికి అటువైపు టికెట్టమ్మాయి మామూలుగానే ఉంది. కళ్ళ కింద మాత్రం నల్లగా ఉంది.

"పిన్నీ. అక్కయ్యగారికెలా ఉంది?"

"అలాగే ఉంది. అమ్మాయ్, నేనిచ్చిన వేగం..."

"తెలుసు పిన్నీ."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి గడిలోనే." చిల్లర సర్దుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "రెండో గడికి అర్థమైంది, ఆసుపత్రి నుంచే వచ్చారని."

"మరి నీ వేగంలో ఎత్తుకోవలసింది కదమ్మా. నేను వెంట వచ్చేసేదాన్ని కదా."

"వచ్చేవారే. కానీ నేను అరవైలో లేస్తే ఆ కుదుపు అటువైపు అయిదుగురికీ వినిపిస్తుంది. మీరు తప్పిచ్చారని తెలిసిపోతుంది. ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఒక్కరు వేలెత్తి చూపించలేదు. అది నా వల్ల జరగకూడదనుకున్నా." ఒక్క క్షణం ఆగింది. "పన్నెండు దెబ్బలే కదా, ఎలాగోలా లాగేద్దామనుకున్నా పిన్నీ. పది దాకా లాగాను. చాల్లేదు."

ఆవిడ అద్దానికున్న చిన్న కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. ఏం ఇవ్వాలని పెట్టిందో ఆవిడకే తెలియదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. తను రాసిచ్చిన కాగితం ఫైల్లో ఉంది. ఏ పరువు కోసం ఈ పిల్ల కుర్చీ పోగొట్టుకుందో, ఆ పరువు కూడా ఇప్పుడు మిగల్లేదు. అది ఈ పిల్లకి తెలియదు. చెప్పకూడదనుకుంది ఆవిడ.

"ఫ్లూటు?" అని మాత్రం అడగగలిగింది.

"అటక మీద పెట్టేశాను. మాటిచ్చాను కదా." టికెట్టమ్మాయి కంతలోంచి ఆ చేతిని పట్టుకుని ఒకసారి నొక్కి వదిలింది. "ఎక్కడికి వెళ్ళాలి పిన్నీ? ఆసుపత్రికేనా?"

ఆవిడకి గుక్క పట్టేసింది. వెనకాల నుంచి ఎవరో, "కాస్త త్వరగా కానివ్వండమ్మా, మాకు బస్సు పోతుంది" అన్నాడు.

టికెట్టమ్మాయి అద్దం దగ్గరికి మొహం తెచ్చి అతనితో చెప్పింది, "ఆగండి బాబూ, ఆవిణ్ణి తొందరపెట్టకండి. నిదానంగా చెబుతారు."

ఆవిడ చెప్పేదాకా వరస కదల్లేదు.